మూడు గళ్ల పుస్తకం

సస్పెన్షన్ అనే మాట కృపమ్మ చెవి గడప దగ్గరికి వచ్చేసరికి, ముందున్న ‘సస్’ను చెప్పుల్లా బయట విడిచి, ‘పెన్షన్’ ఒక్కటే లోపలికి వచ్చింది.

వచ్చినదాన్ని తనలోనే దాచుకునే మనిషి కాదు ఆమె. మంచి మాట వింటే నలుగురికి చెప్పాలి, చెడ్డ మాట వింటే నలుగురితో కలిసి ప్రార్థన చేయాలి. డెబ్భై తొమ్మిదేళ్లుగా ఆమెకు తెలిసిన పద్ధతి అదే. శుక్రవారం సాయంత్రం కోడలు స్నేహలత ఫోన్‌లో ఎవరికో ‘సదానందం సస్పెన్షన్ ఆర్డర్ మీద సంతకం అయిపోయింది’ అని చెప్పడం విన్నది. శనివారం పొద్దున ఏడింటికి, టీ అయినా తాగకుండా, సదానందానికి ఫోన్ చేసింది.

‘‘పెన్షన్ ఒచ్చిందటగద బిడ్డా. దేవునికి స్తోత్రం. ఇగ ఇంట్ల కాలు మీద కాలేసుకొని కూసో.’’

సదానందం యూనివర్సిటీ సైకాలజీ డిపార్ట్‌మెంటులో సీనియర్ అసిస్టెంటు. ముప్పై ఏళ్ల నౌకరీలో ఒక్క మెమో తిననివాడు, శుక్రవారం నుంచి అన్నం కూడా తినలేదు. అలాంటివాడికి ఆ ఆశీర్వాదం ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది.

ఎనిమిది గంటలకు కాజీపేటలోని కృపమ్మ వాళ్ల ఇంటి ముందు స్కూటర్ ఆగింది. వెనక సీటు మీద భార్య ప్రేమలత. సదానందం పేరులోని ఆనందాన్ని ఇంటి దగ్గరే వదిలి వచ్చాడు.

‘‘మేడం, నౌకరి తీసిన్రు, బాగనే ఉన్నది. తీసినంక ముసలమ్మతోని ఫోన్ చేయించి నవ్వుడెందుకు?’’

తలుపు తీసిన స్నేహలతకు ఏమీ అర్థం కాలేదు. ఆమె భర్త జాన్సన్‌కు కొంత అర్థమైంది. రైల్వేలో గార్డుగా ముప్పై రెండేళ్లు బండి చివరి పెట్టెలో కూర్చుని రిటైరైన మనిషి కనుక, ఏ గొడవైనా ఆయన దాకా చివర్లోనే వస్తుంది. అందుకే ముందుగా పచ్చ జెండా ఊపడం అలవాటు. ఇద్దరికీ కుర్చీలు వేసి, అమ్మకు చెవులు సరిగా లేవని, సస్పెన్షన్‌ను పెన్షన్ అనుకున్నదని, మనసులో పెట్టుకోవద్దని చెప్పాడు.

ఆ మాటతో కోపం తగ్గలేదు. కుర్చీ మారింది, అంతే. ముసలామె మీది నుంచి లేచి, రిజిస్ట్రార్ అయిన కోడలి మీద కూర్చున్నది.

‘‘ఆమె తప్పు విన్నది. మీరు అసలే వినలే’’ అన్నాడు సదానందం.

నిజానికి వినడమే స్నేహలత చదువు. ఆమె కమ్యూనిటీ సైకాలజీ ప్రొఫెసర్. ఆ పేరు చెప్పినప్పుడల్లా ‘కమ్యూనిటీ అంటే మీది ఏ కమ్యూనిటీ మేడం’ అని సర్టిఫికెట్ అడిగినట్టు అడిగేవాళ్లు. మనసు బాగాలేనివాళ్లను గదిలో కూర్చోబెట్టి మాట్లాడించడం కాదు, వాళ్ల ఊరి మధ్యలో వాళ్లతో కలిసి కూర్చోవడం తన చదువని ముప్పై ఏళ్లుగా అందరికీ చెబుతూనే ఉన్నది. మడికొండ అవతలి ఊళ్లలో జంపఖానా పరిచి ఆడవాళ్లను గుండ్రంగా కూర్చోబెట్టింది. వాళ్లు చెప్పింది మూడు గళ్లు గీసిన పుస్తకంలో రాసుకుంది. మొదటి గడిలో పేరు, రెండో గడిలో బాధ, మూడో గడిలో తర్వాత చేయవలసింది. ఆ పుస్తకంలోది బయటికి పోదని ప్రతి ఊరిలో మాట ఇచ్చింది.

పార్ట్‌టైమ్ లెక్చరర్ నుంచి ప్రొఫెసర్ దాకా, హెడ్ నుంచి డీన్ దాకా, మొన్న జనవరిలో ఇన్‌ఛార్జి రిజిస్ట్రార్ దాకా వచ్చింది. ఇప్పుడు ఇంకో యూనివర్సిటీ వైస్‌ఛాన్సలర్ పదవికి వేసిన ముగ్గురి జాబితాలో ఆమె పేరుంది. మంగళవారం హైదరాబాదులో ఇంటర్వ్యూ.

అయితే గత సోమవారం ఆ పుస్తకంలోది బయటికి పోయింది.

యూనివర్సిటీకి గ్రేడు ఇచ్చే బృందం వస్తున్నదని, రిపోర్టు రాసుకోవడానికి మూడు వారాల కింద స్నేహలత ఏడు పుస్తకాలను ఇంటికి తెప్పించుకుంది. స్కూటర్ మీద తెచ్చిందీ, తిరిగి తీసుకెళ్లిందీ సదానందమే. డిపార్ట్‌మెంటు బీరువాలో ఆరే ఉన్నాయి. ఏడోది కనబడలేదు. అందులోని ఒక ఆడమనిషి బాధ ఆమె ఊరంతా తెలిసింది. స్నేహలత ఆ ఊరి పేరు, పుస్తకం నంబరు చూసింది, బీరువా తాళం ఎవరి దగ్గరుందో చూసింది, సంతకం పెట్టింది. ఒక్క సంతకంతో మనిషిని సంతలో పెట్టింది.

‘‘ఏడు తెచ్చిన, ఆరు తీస్కపోయిన. ఇంకోటి ఏదని అడిగితే పెద్దమ్మ ‘ఉండనియ్యి బిడ్డా’ అన్నది. గీ మాట చెప్దామని మీ ఛాంబర్ ముంగట రెండు గంటలు నిలవడ్డ. లోపటికి రానిచ్చిండ్రా?’’

స్నేహలత గొంతు పెంచలేదు. కోపం వచ్చినప్పుడు ఆమె గొంతు ఇంకా సన్నబడుతుంది. ఒక ఆడమనిషి బతుకు బజారున పడిందని, తాళంచెవి ఉన్నవాడిదే బాధ్యతని, ఏం చెప్పుకున్నా విచారణ కమిటీ ముందు చెప్పుకోవాలని అన్నది. ఆ మాటలు నోట్‌ఫైల్‌లో నుంచి చదువుతున్నట్టే ఉన్నాయి.

‘‘కమిటీ ఏందమ్మా’’ అన్నది అప్పటిదాకా కొంగు మెలిపెడుతున్న ప్రేమలత. ‘‘మీ జంపఖానా ఇరవై ఏండ్లు మోసింది గీయన స్కూటర్. ఎవలకన్నా నోరిప్పి ఒక్క ముచ్చట చెప్పిండా? ఇంట్ల నాకే చెప్పలే. అడిగితే ‘మేడం ఒట్టు’ అనేటోడు. గసుంటి మనిషిని దొంగను చేసినవు.’’

ఆ ఇంట్లో అత్తకు వినబడదు, కోడలు వినిపించుకోదు. మధ్యలో జాన్సన్ ఫ్యాన్ వేగం పెంచాడు.

అప్పుడే గేటు దగ్గర ఆటో ఆగింది. దిగింది పూలమ్మ.

బజారున పడిన బతుకు ఆమెదే. ఊరి బడిలో పదకొండేళ్లుగా మధ్యాహ్న భోజనం వండుతున్నది. రెండేళ్లుగా బుధవారం బుధవారం మోకాళ్ల నొప్పికని ఇంట్లో చెప్పి, వరంగల్‌లో మనసుకు మందులిచ్చే దవాఖానకు పోతున్నది. అక్కడికి పొమ్మని ధైర్యం చెప్పిందే స్నేహలత. మందులు పనిచేస్తున్నాయి, నిద్ర పడుతున్నది, కూరలో ఉప్పు సరిగా పడుతున్నది. సోమవారం పొద్దున బడికి వెళ్తే పొయ్యి దగ్గర వేరే మనిషి ఉన్నది. పిల్లల తల్లులు కొందరు వచ్చి, పిచ్చి మందులు మింగే దాని చేతి అన్నం మా పిల్లలకు వద్దన్నారట.

పూలమ్మ కుర్చీలో కూర్చోలేదు. చేతి సంచి కిందపెట్టలేదు. సదానందాన్ని చూసి, నువ్వూ ఇక్కడే ఉన్నవా సారూ అని మాత్రం అన్నది.

‘‘ఈయననే’’ అన్నది స్నేహలత. ‘‘బాధ్యుణ్ని సస్పెండ్ చేసిన పూలమ్మా. నిన్ననే.’’

‘‘గీ సారును ఎందుకు తీసిన్రు?’’

పుస్తకం ఈయన చేతిలోనే పోయిందని స్నేహలత చెప్పింది. పూలమ్మ తల అడ్డంగా ఊపింది. తనకు వేరే అనుమానం ఉన్నదని, అది అడగడానికే వచ్చానని అన్నది. నిన్న సాయంత్రం బోరింగు దగ్గర ఒకామె కలిసింది. వాళ్ల ఊరి కోడలే. పుట్టిల్లు కాజీపేట, గుడికి కాదు, చర్చికి పోతుంది. మనిషి మంచిదే. పూలమ్మ చెయ్యి పట్టుకుని కన్నీళ్లు పెట్టుకుంది.

‘‘నీ పేరు మీద మేమందరం పార్థన చేసినం అక్కా, నీ నిద్రమాత్రల సంగతి గూడ దేవునికి చెప్పినం, బుగులువడకు అన్నది. అత్తోళ్లింట్ల గూడ చెప్పిందట, వాళ్లను గూడ పార్థన చేయుమని. మేడం, నా మాత్రల ముచ్చట దేవునికి ఎవలు చెప్పిన్రు? నేనైతే నీకే చెప్పిన.’’

స్నేహలత లేచి, వెనకవైపు అత్త గదిలోకి నడిచింది. వెనకే జాన్సన్.

కృపమ్మ మంచం మీద కూర్చుని కళ్లద్దాలు తుడుచుకుంటున్నది. పక్కన స్టూలు మీద బైబిలు. దాని కింద ఎర్ర గుడ్డ అట్టతో పొడుగాటి పుస్తకం.

అలాంటి పుస్తకాలు జాన్సన్ వరంగల్ మట్టెవాడ బజారులో ఒక డజను కొన్నాడు. భార్యకు కొన్ని, తల్లికి కొన్ని. గురువారం గురువారం ఇంట్లో జరిగే ఆడవాళ్ల ప్రార్థన కూడికకు కృపమ్మ పెద్ద. ఆమె పుస్తకంలోనూ మూడు గళ్లే. మొదటి గడిలో పేరు, రెండో గడిలో అవసరత, అంటే దేవుణ్ని అడగవలసిన సంగతి, మూడో గడిలో దేవుడిచ్చిన జవాబు. కూడికలో ఒక్కో పేరూ, ఒక్కో అవసరతా పైకి చదివి, అందరూ కళ్లు మూసుకుని ప్రార్థిస్తారు.

స్నేహలత పుస్తకం తీసి తెరిచింది. రెండు గళ్లు తన చేతిరాతలోనే ఉన్నాయి. ఖాళీగా వదిలిన మూడో గడిలో, వణికే పెన్సిలు అక్షరాలు: ప్రార్థించినాము. కింద తేదీ. పదిహేడు పేర్ల ఎదురుగా పదిహేడుసార్లు.

‘‘అత్తమ్మా, ఈ పుస్తకం నీ దగ్గరికెట్లొచ్చింది?’’ చెవి దగ్గర వంగి అడిగింది.

కృపమ్మ ముఖం వెలిగిపోయింది. ‘‘బల్ల మీద పెట్టినవు గద బిడ్డా. నా పుస్తకం నిండిందని నీకు మొన్ననే చెప్తి. ఇరవై ఎనిమిదేండ్లల్ల ఒక్క గురువారం నా పక్కన కూసోలే నువ్వు. ఫికర్ చేస్కుంట ఉంటి. గీ పుస్తకం చూసినంక ఏడుపొచ్చింది. నా కోడలు ఊరూరు తిరిగి నాకోసం విన్నపాలు రాసి పెట్టింది అనుకున్న.’’

విన్నపాలు. ముప్పై ఏళ్లుగా విన్నవన్నీ. కోడలు ఎవరికీ చెప్పనని విన్నవి, అత్త దేవుడికి చెబుతూ పదిమందికి వినిపించింది. ఒకరికి విన్నపం, ఇంకొకరికి విన్న పాపం.

స్నేహలతకు అరవాలని ఉంది. ఆ ముఖం మీద అరవడానికి చోటు లేదు. పుస్తకం మూసి వంటింట్లోకి వెళ్లింది. జాన్సన్ వెనకే వచ్చి తలుపు దగ్గరగా వేశాడు.

‘‘లతా, జర ఆలోచించు. మంగళవారం దాకా ఆగు. నెల రోజులైనంక కమిటీ సాక్ష్యం లేదంటది, ఆర్డర్ నువ్వే ఎత్తేస్తవు. సదానందానికి పోయేదేముంది?’’

‘‘పోయేదేముందా?’’

‘‘అమ్మ వయసు చూడు. ప్రార్థన పేరు మీద గుట్టు బయటపెట్టిన్రని రేపు పేపరోళ్లు రాస్తే చర్చికి ఎట్ల పోతది? నువ్వు ఇంటర్వ్యూల ఏమని చెప్తవు? నా ఇంట్లనే పోయింది, ఇంకొకన్ని సస్పెండ్ చేసిన అంటవా?’’

‘‘ఆ నెల రోజులు సదానందం దొంగయి తిరగాల్నా? వినుడు నేర్పుతనని ముప్పై ఏండ్ల నుంచి జీతం తీస్కుంటున్న జాన్సన్. పెద్దమ్మ ఉండనియ్యమన్నది అని నాకు చెప్దామనే ఆయన రెండు గంటలు నిలవడ్డడు. గా ఒక్క మాట విని ఉంటే ఇంటికొచ్చి అత్తమ్మను అడిగేదాన్ని.’’

‘‘నా తల్లి పేరు తీయకుండ చెప్పరాదా మరి?’’

స్టవ్ మీద కుక్కర్ కూసింది. గార్డు ఎన్ని జెండాలు ఊపినా కొన్ని బండ్లు ఆగవు. స్నేహలత తలుపు తోసుకుని హాల్లోకి వెళ్లింది. కృపమ్మను కూడా చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి దివాను మీద కూర్చోబెట్టింది.

అందరి ముందూ చెప్పింది. పుస్తకం పోలేదని, ఇంట్లోనే ఉన్నదని, అత్త దాన్ని తన ప్రార్థన పుస్తకం అనుకున్నదని, కూడికలో చదివిందని, ఆ మంచి మనసుతోనే అది పూలమ్మ ఊరికి చేరిందని. పుస్తకాన్ని బల్ల మీద వదిలింది తానేనని, సదానందం మాట వినకుండా సంతకం పెట్టింది కూడా తానేనని చెప్పింది. ఎక్కడా ఎవరినీ వెనకేసుకు రాలేదు. తనను తాను అసలే.

ప్రేమలత కళ్లు తుడుచుకుంది. పూలమ్మ కృపమ్మ వంక చాలాసేపు చూసింది. ఆ ముసలి ముఖం మీద కోపం పెట్టుకోవడానికి ఆమెకు కూడా చోటు దొరకలేదు.

‘‘సారీ సదానందం’’ అన్నది స్నేహలత.

‘‘నోటి సారీ ఏం చేస్కోవాలె మేడం? నన్ను కూలగొట్టింది కాగితం. లేపుడు గూడ కాగితం మీదనే లేపాలె. గిప్పుడే, గీడనే.’’

న్యాయమే. స్నేహలత లెటర్‌హెడ్ తీసింది. వైస్‌ఛాన్సలర్‌కు రాసింది. పెన్ను ఆగకుండా నడిచింది. ముప్పై ఏళ్ల ఆఫీసు చేతికి ఎలా రాయాలో తెలుసు. ఎవరు, ఏ ఊరు, ఏ తేదీ, ఏం జరిగింది, బాధ్యులెవరు. వివరం లేని కాగితం ఆఫీసులో నిలబడదని తన గుమాస్తాలకు పాఠం చెప్పిన మనిషి. సస్పెన్షన్ వెంటనే రద్దు చేస్తున్నట్టు, ఈ తప్పుకు సంజాయిషీ తననే అడగాలని రాసి, సంతకం చేసి ఇచ్చింది.

జాన్సన్ కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు. మంగళవారం అక్కడ ఎక్కడో రైలు పట్టాల మీద వెళ్లిపోతున్నట్టు చూశాడు.

సదానందం కళ్లద్దాలు పెట్టుకుని చదివాడు. భార్యకు ఇచ్చాడు. ఆమె దాన్ని బల్ల మీద సాఫుగా పరిచి ఆయన ఫోన్‌తో ఫోటో తీసింది. నిన్న సాయంత్రం నుంచి ఉద్యోగుల సంఘం వాట్సాప్ గ్రూపులో తన గురించి ఏమేం రాశారో చదివి చదివి కళ్లు మండిపోయిన సదానందం, ఆ ఫోటో ఆ గ్రూపులోనే పెట్టాడు.

‘‘అందరికి తెల్వాలె’’ అన్నాడు. ఎవరూ వద్దనలేదు. వద్దనే మొహం ఎవరికుంది?

కృపమ్మకు మాత్రం ఏమీ తెలియలేదు. కోడలు మాట్లాడింది, అందరూ ఏడ్చారు, ఏదో రాశారు. అండ్ల ఏం రాసిన్రు కొడుకా అని జాన్సన్‌ను రెండుసార్లు అడిగింది. ఆయన కాగితం తీసుకుని, తల్లి చెవి దగ్గర కూర్చుని, ఒక్కో మాటా గట్టిగా చదవడం మొదలుపెట్టాడు. ఆ గొంతు ప్లాట్‌ఫారం ఆ చివరికి వినబడే గొంతు. బల్ల మీది పుస్తకం సంగతి చదివాడు. మూడు గళ్ల సంగతి చదివాడు. ఆమె చెయ్యి నెమ్మదిగా నోటి మీదికి వెళ్లింది. ఇన్నాళ్లకు ఒక సంగతి ఆమెకు ముక్క పోకుండా వినబడింది.

‘‘...పై పుస్తకంలో నమోదైన శ్రీమతి పూలమ్మ, పాఠశాల వంట కార్మికురాలు, మానసిక చికిత్స నిమిత్తం రెండు సంవత్సరాలుగా...’’

జాన్సన్ ఆగిపోయాడు.

పూలమ్మ సంచి చేతిలోంచి కింద పడింది. ఆమె దాన్ని తీసుకోలేదు.

‘‘గండ్ల నా పేరున్నదా?’’

సదానందం అప్పటికే ఫోన్ మీద వంగాడు. ఫోటోను గ్రూపులోంచి తీసేశాడు. అయినా ఫోన్ మోగుతూనే ఉంది. కంగ్రాట్స్ అన్నా, నిజం గెలిచింది అన్నా. ఎవరో దాన్ని టీచర్ల గ్రూపుకు పంపానని కూడా రాశారు, మంచి చేసిన సంబరంతో.

‘‘ఎంతమంది చూసిన్రు సారూ?’’

‘‘గ్రూపుల నాలుగు నూర్ల పన్నెండు మంది ఉంటరు చెల్లే’’ అన్నాడు సదానందం తల ఎత్తకుండా.

స్నేహలత ముందుకు ఒక అడుగు వేసింది. పూలమ్మ వెనక్కి ఒక అడుగు వేసింది.

‘‘అమ్మ తెల్వక చదివింది’’ అన్నది పూలమ్మ. ‘‘నువ్వు తెలిసి రాసినవు. ఇప్పుడు ఎవల మీద సంతకం పెడ్తవు మేడం?’’